పియానో కడుపులో సామాను

ఈ కింద రాసిన ప్రతి అక్షరం నిజం. మొదట మా ఆవిడ మీద ఒట్టు వేసి మొదలుపెడదామనుకున్నాను. "ఇప్పటిదాకా మీరు నా మీద వేసిన ఒట్లకి నేనింకా బతికుండటమే ఎక్కువ, ఈసారికి నన్నొదిలెయ్యండి" అంది. అంచేత నా రెండు చెవుల మీద ఒట్టు. హార్మోనియం బాగుచేసి బతికినవాడికి చెవుల కన్నా విలువైనది ఇంకేముంటుంది? ఇందులో అబద్ధం ఉంటే నాకు ఇకమీదట ఏ శ్రుతీ వినపడకుండు గాక.

కరెంటు కీబోర్డులు విప్పి బిగించే నేటి తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీకు ఒక ముక్క పోతే కొత్త ముక్క వేస్తారు. మా రోజుల్లో ముందు కూర్చుని ఆలోచించవలసి వచ్చేది: ఇది ఉంచాలా, తీయాలా? నా ఉద్యోగ జీవితంలో ఆ ప్రశ్న నన్ను నిజంగా ఇరకాటంలో పెట్టింది ఒక్కసారే. డెబ్బైల్లో మాట. నాకు అప్పటికి పాతికేళ్ళు నిండలేదు.

విజయవాడ వన్ టౌన్‌లో, బట్టల హోల్‌సేల్ కొట్ల వెనక సందులో మా గురువుగారి హార్మోనియం షాపు ఉండేది. నాటక సమాజాలవాళ్ళు, భజన మందిరాలవాళ్ళు, కూచిపూడి మేళాలవాళ్ళు, చర్చిలవాళ్ళు అందరూ అక్కడికే వచ్చేవారు. గురువుగారి చెవి ఎలాంటిదంటే, సందులో రిక్షావాడు బెల్లు కొడితే తల ఎత్తకుండానే "నాలుగున్నర శ్రుతి" అనేవారు. నేను ఆయన దగ్గర పనిలో చేరి ఆరేళ్ళయింది. తిత్తులకు తోలు అతకడం, వేళ్ళతో నొక్కే మెట్లు సరిచేయడం వచ్చు. వాటికన్నా బాగా కోతలు కోయడం వచ్చు.

డిసెంబరు మధ్యలో ఉయ్యూరు అవతల కాలవగట్టు ఊరి నుంచి ఒకాయన వచ్చారు. ఆ ఊరి చర్చికి సెక్రటరీ. ఉద్యోగం చెరకు కాటా దగ్గర గుమాస్తాగిరీ. పొద్దస్తమానం బళ్ళు తూచి తూచి, ఏ వస్తువునైనా ముందు బరువుతో చూసే అలవాటు పడిన మనిషి.

"మా చర్చిలో పియానో ఉందండి. దొరలు వెళ్ళిపోతూ వదిలేసింది. క్రిస్మస్‌కి గోడలకి సున్నం వెయ్యాలంటే దాన్ని జరపడానికి పన్నెండుమంది కావాలండి. ఆ పన్నెండుమందీ పండక్కి నడుములు పట్టుకుని తిరుగుతారండి."

"పియానో అన్నాక బరువే కదండీ," అన్నారు గురువుగారు.

"కాదండీ! బందరులో ఇంకో చర్చి పియానో చూశాను. ఆరుగురు ఎత్తేశారు. మా దాని కడుపులో ఏదో అక్కర్లేని సామాను ఉందండి. అది తీసి పారెయ్యాలి."

ఇంకో సంగతి కూడా చెప్పారాయన. ఆ పియానోని పాతికేళ్ళుగా ఒక పెద్దాయన వాయిస్తున్నారు. మొన్నటి వానల నుంచి అది పలకడం లేదని తాళం వేసి, తాళంచెవి మొలలో పెట్టుకుని తిరుగుతున్నారు. ఈలోగా పాస్టరుగారికి కొత్త కోడలు వచ్చింది. మద్రాసులో పియానో నేర్చుకున్న అమ్మాయి. పండగ ముందు ఆదివారం పెద్దాయనకి శాలువా కప్పి, ఆఖరిసారి ఆయన చేత ఒక పాట వాయింపించుకుని, ఆ పీట ఆ అమ్మాయికి అప్పగించాలని సంఘం తీర్మానించింది.

గురువుగారు నా వైపు తిరిగి, "నువ్వు పియానో లోపల ఎప్పుడైనా చూశావా?" అన్నారు.

"బోలెడు చూశానండీ," అన్నాను. అప్పటికి బయట కూడా సరిగ్గా చూడలేదు.

"అయితే వెళ్ళు. ఏది ఉంచాలో ఏది తీయాలో చూసి ఆయనకి చీటీ రాసివ్వు. రాసింది మన షాపు మాట, గుర్తుంచుకో."

మర్నాడు తోలు, జిగురు, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బస్సెక్కాను. చర్చి గుమ్మంలోనే పెద్దాయన నిలబడి ఉన్నారు. తెల్లకోటు, ఇత్తడి గుండీలు, కత్తి అంచులా ఇస్త్రీ. ఊరందరికీ ఆయన పియానో తాతగారు. పూర్వం మిషన్ బంగళాలో దొరలకి వంట చేసినాయన.

"మూత ఎత్తి చూడు చాలు బాబూ. లోపల చెయ్యి పెట్టకు," అన్నారు తాళం తీస్తూ.

ఒక మెట్టు నొక్కాను. చక్కగా పలికింది. ఇంకోటి నొక్కాను. అదీ పలికింది. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నొక్కుకుంటూ వచ్చాను. శ్రుతి కొంచెం దిగింది గానీ, మూగబోయిన మెట్టు ఒక్కటీ లేదు.

"తాతగారూ, ఇది పలుకుతోంది కదండీ?"

ఆయన కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ, "మెట్టు పలుకుతుంది. పాట పలకదు," అన్నారు.

నాకు అర్థం కాలేదు. కింది పలక విప్పాను. కాళ్ళతో తొక్కే పెడళ్ళ వెనక, మన లెగ్ హార్మోనియంలో ఉన్నట్టే, పెద్ద తిత్తులు. అందులో ఒక ఎలకల సంసారం. తాత, తండ్రి, మనవడు, మూడు తరాలూ ఒకేచోట కాపురం. పై పలక విప్పాను. వేళ్ళంత చిన్న తిత్తులు వరసగా బోలెడు. వాటి నుంచి సన్నటి రబ్బరు గొట్టాలు. ఆ గొట్టాలన్నీ వెళ్ళి ఒక ఇత్తడి పట్టీకి ఉన్న చిల్లుల్లో కలిశాయి. చిల్లులు లెక్కపెట్టాను. ఎనభై ఎనిమిది. మెట్లు లెక్కపెట్టాను. అవీ ఎనభై ఎనిమిదే.

నేను తెలివైనవాణ్ణి కాదు గానీ, మరీ అంత తెలివితక్కువవాణ్ణి కూడా కాదు. మెల్లగా వెనక్కి తిరిగాను. తాతగారు వెళ్ళి చర్చి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. కోటు గుండీ ఒకటి విప్పుకుని ముందు బెంచీ మీద కూర్చున్నారు.

"నాకు వాయించడం రాదు బాబూ. పాతికేళ్ళలో ఒక్క మెట్టు కూడా నేను నొక్కలేదు."

సంగతేమిటంటే, అది తనంతట తాను వాయించుకునే పియానో. చిల్లులు పొడిచిన కాగితపు చుట్టను లోపల బిగించి కింద తొక్కితే, కాగితం ఆ ఇత్తడి పట్టీ మీదుగా జరుగుతుంది. కాగితంలో ఎక్కడ చిల్లు వస్తే అక్కడి మెట్టు దానంతట అదే దిగి పలుకుతుంది. చేతులతో పని లేదు. దొరసాని తొక్కుతుంటే ఈయన చుట్టలు అందించేవారట. దొరలు వెళ్ళిపోయాక, "ఇంక దీన్ని ఎవరు వాయిస్తారు?" అని సంఘం అడిగితే, "నేను" అని నోరు జారారు.

"మరి తొక్కుతున్నారని ఎవరికీ అనుమానం రాలేదా?"

"ఎందుకొస్తుంది? మన నాటకాల్లో హార్మోనిస్టు తొక్కడం చూడలేదా వాళ్ళు? నేను కింద తొక్కాను. పైన మెట్ల మీద చేతులు పెట్టాను. తతిమ్మాది వాళ్ళే అనుకున్నారు."

"చుట్ట మార్చేటప్పుడో?"

"ప్రార్థనలో," అన్నారాయన కొంచెం సిగ్గుపడుతూ. "అందరూ కళ్ళు మూసుకుంటారు కదా. కాకపోతే పాత చుట్టని వెనక్కి తిప్పాలంటే తొక్కాలి. ఆ చప్పుడు బయటపడకుండా ఆమెన్, ఆమెన్ అంటూ దగ్గేవాణ్ణి. వెనకటి పాస్టరుగారు బంగారం బాబూ, పావుగంట ప్రార్థన చేసేవారు. ఇప్పటాయన రెండు ముక్కల్లో ముగించేస్తారు. ఎన్నిసార్లు చచ్చిబతికానో దేవుడికే తెలుసు."

మొత్తం తొమ్మిది చుట్టలు, తొమ్మిది పాటలు. ఎవరైనా పదో పాట అడిగితే, "ఇది సీమ పియానో అయ్యా, దానికి ఆ పాట పడదు" అనేవారట. పాతికేళ్ళూ ఆ మాట నడిచింది. మొన్న వానలకి రబ్బరు పుచ్చి, తోలు చీకి, ఎలకలు చేరేసరికి అంతా ఆగిపోయింది.

"ఆదివారం శాలువా కప్పి వాయించమంటారు. లేదు, రాదు అని ఇప్పుడు చెప్పనా? మా ఇంటిది రెండో వరసలో కూర్చుంటుంది. పెళ్ళయిన పదిహేనేళ్ళకి అది నా వంక తలెత్తి చూసిందంటే ఈ పియానో మూలంగానే. ఆ సామాను తీసెయ్యకు బాబూ. ఆ ఒక్క ఆదివారం దాటించు. తరవాత నీ ఇష్టం."

సెక్రటరీగారు సాయంత్రం కాటా పని ముగించి నేరుగా వచ్చారు. "ఏం తేల్చారు మేస్త్రీగారూ? ఎప్పుడు తీస్తారు?"

నేను షాపు కాగితం మీద అప్పటికే రాసి ఉంచాను: "లోపలి సామానుకు తేమ పట్టినది. ఆదివారం దాటువరకు తీయరాదు. తీసినచో నాదం చెడును." ఆయన రెండుసార్లు చదివి, "నాదం ఎంత బరువుంటుందండీ?" అని అడిగారు. నవ్వలేదు. నిజంగానే అడిగారు. "అది తూచేది కాదండీ," అన్నాను. ఆ సమాధానం ఆయనకి రుచించలేదు గానీ, షాపు ముద్ర చూసి ఊరుకున్నారు.

ఇక పని. రబ్బరు గొట్టాలు ఎక్కడ దొరుకుతాయి? అమెరికా నుంచి రావాలి. నేను సైకిలు షాపులకి వెళ్ళాను. సైకిలు చక్రంలో గాలి నిలవడానికి వాల్వు మీద సన్నటి రబ్బరు గొట్టం తొడుగుతారే, అది సరిగ్గా ఆ ఇత్తడి పట్టీకి అతికినట్టు సరిపోయింది. ఉయ్యూరు సైకిలు షాపుల్లో వాల్వు ట్యూబు అంతా నేను ఊడ్చేశాను. ఆ వారం అక్కడ గాలి దిగిన సైకిళ్ళన్నీ నడిపించుకునే పోయారు. చిన్న తిత్తులకి మేకతోలు, పెద్ద తిత్తులకి హార్మోనియం గుడ్డ. ఎలకల సంసారాన్ని మర్యాదగా గడ్డివాము దగ్గరికి సాగనంపాము.

నాలుగో రోజున అంతా బిగించి, చుట్ట ఎక్కించి, తాతగారిని కూర్చోబెట్టి "తొక్కండి" అన్నాను. ఆయన తొక్కారు. ఒక్క మెట్టు కదల్లేదు. పైగా ఆ కాగితం పట్టీ మీద నుంచి లేచి, పటపట కొట్టుకుని, సర్రున బయటికొచ్చి నా మొహానికి చుట్టుకుంది. నేను ఇంకా గట్టిగా తొక్కమన్నాను. కాగితం ఇంకా గట్టిగా కొట్టింది. మళ్ళీ అన్నీ విప్పాను. ఎక్కడా లోపం కనపడలేదు. మళ్ళీ బిగించాను. మళ్ళీ అదే వరస. ఆదివారం ఇంక రెండు రోజుల్లోకి వచ్చింది. నా మొహం చూసి తాతగారికి గుండె జారినట్టుంది.

"ముందు అన్నం తిను," అన్నారు.

ఆయన రోజూ ఇంటి నుంచి క్యారేజీ తెచ్చేవారు. ఆ వంట గురించి రాయడం మొదలుపెడితే పియానో సంగతి మరిచిపోతాను, అంచేత రాయను. ఆ రోజు వేటమాంసం. నేను మూలగ బొమిక నోట్లో పెట్టుకుని, ఆలోచనలో పడి, ఊరికే కొరుకుతూ కూర్చున్నాను.

"ఏమిటా తినడం? పీల్చు!" అని కసిరారు. అని, ఆగి, చేతిలో గరిటె అలాగే పట్టుకుని పియానో వంక చూశారు. "అబ్బాయ్. దొరగారు ఒక మాట అనేవారు. హార్మోనియం ఊదుతుంది, ఇది పీలుస్తుంది అని. నేను పట్టించుకోలేదు. అందులో ఏమన్నా ఉందంటావా?"

నేను బొమిక కంచంలో పడేసి లేచాను.

తమ్ముళ్ళూ, నా ఆరేళ్ళ చదువంతా అక్కడ తలకిందులైంది. మన హార్మోనియంలో తిత్తి గాలిని బయటికి తోస్తుంది. నా చేతులకి తెలిసింది అదొక్కటే. అందుకని పెద్ద తిత్తుల్లో గాలికి దారి ఇచ్చే తోలురెక్కలన్నిటినీ నేను బయటికి తోసేట్టు అతికించేశాను. నిజానికి ఆ యంత్రం గాలిని లోపలికి పీల్చాలి. ఆ పీల్పుకి కాగితం పట్టీకి అంటుకుని ఉండాలి. పాతవి ఎలా ఉన్నాయో చూసి అతికిస్తే సరిపోయేది. పుచ్చిపోయాయి కదా అని చూడకుండా పీకి పారేశాను. "ఇందులో చూసేదేముంది, తిత్తి తిత్తే కదా" అనుకున్నాను. ఇలాంటి పొరపాటు విజయవాడ హార్మోనియంవాడు మాత్రమే చెయ్యగలడు.

ఆ మధ్యాహ్నమంతా రెక్కలు ఊడబెరికి తిప్పి అతికించాను. జిగురు ఆరేదాకా తాతగారు విసనకర్రతో విసురుతూ కూర్చున్నారు. సాయంత్రం ఎండ చర్చి నేల మీద ఏటవాలుగా పడిన వేళ తొక్కారు. ముందు ఒక నిట్టూర్పులాంటిది వినపడింది. తరవాత కుడిచేతివైపు ఒక మెట్టు తనంతట తాను దిగింది. దాని పక్కది దిగింది. ఆపైన ఎడమచేతివైపు నాలుగు కలిసి దిగాయి. ఎవరూ తాకకుండా మెట్లు అలా దిగి లేస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. తాతగారు చేతులు మెట్ల మీద పెట్టడం మరిచిపోయి, ఒళ్ళో పెట్టుకుని తొక్కుతున్నారు. అక్కడక్కడా స్వరాలు ఎగిరిపోయాయి. అయినా అది పాటే.

శనివారం పొద్దున గురువుగారు చెప్పకుండా దిగారు. నాలుగైదు రోజులు శిష్యుడి జాడ లేకపోతే రారూ మరి! సెక్రటరీగారు బస్సు దగ్గరే పట్టుకుని, నా చీటీ చూపించి మరీ తీసుకొచ్చారు. గురువుగారు చీటీ చదివి నా వంక ఒక చూపు చూశారు. తరవాత పలకలు విప్పించి, బోర్లా పడుకుని, లోపలికి తలపెట్టి చాలాసేపు చూశారు. వాల్వు ట్యూబులు చూశారు. నా మేకతోలు చూశారు. తాతగారు కోటు గుండీలన్నీ పెట్టుకుని, కోర్టులో ముద్దాయిలా నిలబడ్డారు.

"ఇది చెయ్యడానికి ఎంత కాలం పట్టి ఉంటుంది సెక్రటరీగారూ?" అన్నారు లేచి దుమ్ము దులుపుకుంటూ.

"నాకేం తెలుసండీ. ఇంతకీ తీస్తారా, తీయరా?"

"తీయడం ఒక పూట పని. మళ్ళీ కావాలంటే పెట్టడం నా వల్ల కాదు, వీడి వల్ల కాదు, విజయవాడలో ఎవడి వల్లా కాదు. పెట్టడం చేతకానిదాన్ని తీయకూడదండీ. మా పనిలో అది పద్ధతి."

"మరి సున్నం?"

"దాని వెనక గోడ మానెయ్యండి. ఎవరు చూడొచ్చారు?"

సెక్రటరీగారు ఆ గోడ వైపు చూశారు. పాతికేళ్ళలో ఆయనకి ఆ ఆలోచన తట్టలేదు. గురువుగారు వెళ్ళిపోతూ నా చెవిలో, "నాదం చెడునా? వెధవా," అన్నారు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన దగ్గర నాకు ఎన్నడూ దొరకలేదు.

ఆదివారం. చర్చి కిటకిటలాడింది. చెరకు కోతల రోజులు కావడంతో గాలంతా బెల్లం పాకం వాసన. తాతగారు నడుచుకుంటూ వచ్చి పీట మీద కూర్చున్నారు. చుట్ట ముందే ఎక్కించి, అది కనపడకుండా పియానో ముందు చెక్కతలుపులు మూసేశాం. రెండో వరసలో ఆయన భార్య, చిన్నమనిషి, కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. పాస్టరుగారి కోడలు మొదటి వరసలో ఉంది. నేను స్తంభం పక్కన నిలబడ్డాను.

పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం నిండుగా వచ్చింది. రెండో చరణంలో ఎడమచేతివైపు స్వరాలు ఒక్కొక్కటే జారిపోసాగాయి. నా గొట్టాలు ఊడుతున్నాయి. తాతగారి మెడ మీద చెమట కనపడింది. అంతలో ఆ కోడలుపిల్ల లేచి, తలమీద కొంగు సర్దుకుని, గబగబా వెళ్ళి ఆయన పక్కన పీట చివర కూర్చుంది. ఎడమచెయ్యి చాపింది. ఖాళీ అయిన స్వరాలన్నీ ఆమె చెయ్యి నింపుకుంటూ వెళ్ళింది. ఏ మెట్టు దిగడం లేదో దాన్నే నొక్కుతోంది. చర్చి మొత్తం నాలుగు చేతుల వాద్యం అని మురిసిపోయింది. పాట ముగిశాక శాలువా కప్పారు. సెక్రటరీగారు కళ్ళు తుడుచుకున్నారు.

అంతే కథ.

కానీ, తమ్ముళ్ళూ, చెవుల మీద ఒట్టు వేశాను కదా. ఈమధ్య కుడిచెవి కొంచెం మందగించింది. అందుకని ఒకటి ఒప్పుకోవాలి. మీరు నమ్మనివన్నీ నిజాలే. ప్రార్థనలో చుట్ట మార్చడం నిజం, వాల్వు ట్యూబు నిజం, మూలగ బొమిక నిజం. నేను కల్పించింది ఒక్కటే. ఆ అమ్మాయి చెయ్యి.

తిత్తుల నుంచి పైకి వెళ్ళే పెద్ద గొట్టం కోసం నేను లారీ ట్యూబు ముక్క వాడాను. దానికి ఇనపతీగ బిగించాలి. తీగ తేవడానికి బద్ధకించి, హార్మోనియం గుడ్డకి కట్టే దారంతో కట్టాను. రెండో చరణం మొదట్లో అది ఊడింది. ఎడమచేతివైపు స్వరాలు పోవడం కాదు, మొత్తం పియానో ఒక్కసారిగా నోరు మూసుకుంది. ఎవరూ లేవలేదు. కోడలుపిల్ల కదల్లేదు. ఇన్నేళ్ళూ ఈ కథ చెప్పినప్పుడల్లా నా దారం ముడి కనపడకుండా ఆ పిల్ల చెయ్యి అడ్డం పెడుతూ వచ్చాను.

జరిగింది ఇది. పియానో ఆగిన మరుక్షణం రెండో వరసలోంచి ఒక గొంతు లేచింది. తాతగారి భార్యది. అంత చిన్నమనిషికి అంత గొంతు ఎక్కడిదో! ఆమె వెంట ఆ వరస, ఆ వరస వెంట చర్చి అంతా గొంతెత్తింది. తాతగారు చేతులు తీయలేదు, కాళ్ళు ఆపలేదు. పియానోలోంచి తొక్కుడు చప్పుడు తప్ప మరేమీ రాలేదు. దానికే అందరూ తాళం తప్పకుండా మూడు చరణాలు పాడారు. ఆఖరి ఆమెన్ దగ్గర ఆయన చేతులు మెట్ల మీద నుంచి ఎంత ఒడుపుగా లేచాయంటే, నేను కూడా ఒక క్షణం మోసపోయాను. ఆమెకి ముందు నుంచీ తెలుసో, ఆ క్షణంలో తెలిసిందో, మిగతావాళ్ళలో ఎవరికి తెలుసో, నేను అడగలేదు.

శాలువా కప్పుకుని బయటికొచ్చాక తాతగారు చర్చి గుమ్మం మెట్ల మీద నన్ను ఆపారు. నేను తల ఎత్తలేకపోయాను. ఆయన నా గడ్డం పట్టుకుని ఎత్తారు.

"రెండో చరణం నుంచి నేనే వాయించాను అబ్బాయ్. విన్నావా?"

"విన్నానండీ. ఒక్క స్వరం కూడా తప్పలేదు," అన్నాను.